బయోడీజిల్ కలిపిన ఇంధనంతో వ్యాను: చేయవలసినవి – చేయకూడనివి

స్కూలు పిల్లల్ని తిప్పే వ్యాను, తెల్లవారుజామున పాలక్యాన్లు మోసే వ్యాను, కూరగాయల లోడుతో రైతుబజారుకు పరుగెత్తే పికప్... ఎక్కువగా డీజిల్ మీద నడిచే బళ్ళే. ఆ డీజిల్‌లో ఇప్పుడు బయోడీజిల్ కూడా కలుస్తోంది. మొక్కల నూనెలు, జంతువుల కొవ్వు, హోటళ్ళలో వాడేసిన వంటనూనె దీనికి ముడిసరుకు. 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని 2018 జాతీయ జీవ ఇంధన విధానం లక్ష్యం పెట్టింది. ఈ విషయంలో తెలుగునాడు వెనకబడి లేదు. 2015 ఆగస్టు 10న ప్రభుత్వ చమురు సంస్థలు బయోడీజిల్ కలిపిన డీజిల్‌ను బంకుల్లో అమ్మడం మొదలుపెట్టినప్పుడు, ఎంచుకున్న నాలుగు ఊళ్ళలో ఢిల్లీ, హల్దియాలతో పాటు విశాఖపట్నం, విజయవాడ ఉన్నాయి. కాకినాడలో బయోడీజిల్ తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీ ఉంది.

ఇది మంచి ఇంధనమే. గంధకం దాదాపు ఉండదు. నల్లపొగ తగ్గుతుంది. ఇంజెక్షన్ పంపు అరుగుదల తగ్గేలా జిడ్డు పట్టి ఉంచుతుంది. అయితే మామూలు డీజిల్ దగ్గర చెల్లిపోయే నిర్లక్ష్యం దీని దగ్గర చెల్లదు. కారణాలు మూడు. ఒకటి, దీనికి వయసు ఉంది. గాలి, వేడి తగిలితే పాడవుతుంది. రెండు, ఇది నీటిని డీజిల్ కంటే చాలా ఎక్కువగా పట్టుకుంటుంది. మూడు, పాత మడ్డిని, జిగురును, కొన్ని రకాల రబ్బరును కరిగిస్తుంది. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలామటుకు ఈ మూడింటి నుంచే పుట్టాయి. ఇవి గుర్తుంటే, ఇక్కడ రాయని పరిస్థితి ఎదురైనా ఏం చేయాలో మీకే తోస్తుంది.

ముందు అంకె తెలుసుకోండి

బీ5 అంటే నూరు లీటర్లలో 5 లీటర్లు బయోడీజిల్, మిగతాది డీజిల్. బీ20 అంటే 20 లీటర్లు. బీ100 అంటే అచ్చంగా బయోడీజిలే. మామూలు డీజిల్‌కు మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 1460. దీని ప్రకారం డీజిల్‌లో 7 శాతం దాకా బయోడీజిల్ ఉండవచ్చు. అంతకు మించి 20 శాతం దాకా ఉండే మిశ్రమాలకు ఐఎస్ 16531, కలపడానికి వాడే బీ100కు ఐఎస్ 15607 ప్రమాణాలు.

చేయవలసినవి:

• వ్యానుతో వచ్చిన మాన్యువల్‌లో ఇంధనం పేజీ తీసి చూడండి. ఎంత శాతం దాకా ఒప్పుకుంటారో అక్కడ ఉంటుంది. లేకపోతే సర్వీసు సెంటరులో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

• వారంటీలో ఉన్న బండి అయితే కంపెనీ చెప్పిన శాతమే హద్దు.

• పాత బండి అయితే డీజిల్ పైపులు, సీళ్ళు, ఓ-రింగులు ఏ రబ్బరువో మెకానిక్‌తో చూపించుకోండి. సహజ రబ్బరు, నైట్రైల్ రబ్బరు ఎక్కువ శాతం బయోడీజిల్‌లో ఉబ్బి మెత్తబడతాయి. వైటాన్ రకం పైపులు తట్టుకుంటాయి.

చేయకూడనివి:

• "పక్కవాళ్ళ బండి బీ20 మీద నడుస్తోంది కదా" అని మీ బండికి పోయకండి. ఒకే కంపెనీ బళ్ళైనా, తయారైన సంవత్సరం మారితే పంపు, ఇంజెక్టర్లు మారిపోతాయి.

• తయారీదారు ఒప్పుకున్న శాతం దాటకండి. లీటరుకు నాలుగు రూపాయలు మిగిలాయన్న సంతోషం ఒక్క ఇంజెక్టరు బిల్లుతో తుడిచిపెట్టుకుపోతుంది.

కొనేటప్పుడు

బయోడీజిల్ పేరు చెప్పి అమ్మేదంతా బయోడీజిల్ కాదు. హైవే పక్కన డ్రమ్ముల్లోంచి, చిన్న ట్యాంకర్లలోంచి చవగ్గా పోసే సరుకులో పారిశ్రామిక ద్రావకాలు, వాడేసిన ఇంజిన్ ఆయిల్, కిరోసిన్ కలిసి ఉండే ప్రమాదం ఉంది. ఇది ఇంజిన్‌కు నష్టం చేయడంతో ఆగదు. తేలికగా ఆవిరయ్యే ద్రావకం కలిసిన ఇంధనం చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. పిల్లలు కూర్చునే సీట్ల కిందే ఆ ట్యాంకు ఉంటుందని మరచిపోకూడదు.

చేయవలసినవి:

• అనుమతి ఉన్న చోటే కొనండి. హైస్పీడ్ డీజిల్‌లో కలపడానికి బయోడీజిల్ అమ్మకంపై కేంద్ర పెట్రోలియం శాఖ 2019 ఏప్రిల్ 30న మార్గదర్శకాలు ఇచ్చింది. అమ్మేవాళ్ళకు అనుమతి, సరుకుకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) చెప్పిన నాణ్యత ఉండాలి.

• బిల్లు అడగండి. అందులో శాతం ఎంతో రాయమనండి. బీ100 కొంటుంటే ఆ లాటు పరీక్ష పత్రం చూపమనండి. తేమ, మిథనాల్ శేషం, ఆక్సీకరణను తట్టుకునే గుణం, ఫ్లాష్ పాయింటు (ఇంధనపు ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే ఉష్ణోగ్రత) అందులో ఉండాలి.

• కొత్త చోట పోయించినప్పుడు తెల్లటి గాజుసీసాలో పావు లీటరు పట్టి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. తేటగా, సీసా వెనక పెట్టిన పేపరు అక్షరాలు చదవగలిగేలా ఉండాలి. మసకగా ఉంటే నీరు గానీ మైనం గానీ ఉన్నట్టు. గంటసేపు కదపకుండా ఉంచితే అడుగున చుక్కలు, మడ్డి చేరితే ఆ ఇంధనం ట్యాంకులోకి వెళ్ళకూడదు.

• ఆ సీసాకు మూత గట్టిగా పెట్టి, తేదీ, బంకు పేరు రాసిన కాగితం అంటించి, ఆ ట్యాంకు అయిపోయేదాకా పిల్లలకు అందని నీడపట్టున దాచండి. రేపు గొడవ వస్తే మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే.

చేయకూడనివి:

• రంగు, వాసన చూసి నాణ్యత తేల్చేయకండి. ముడిసరుకును బట్టి మంచి బయోడీజిల్ కూడా లేత పసుపు నుంచి ముదురు గోధుమ రంగు దాకా ఉంటుంది.

• బిల్లు ఇవ్వని చోట, రాత్రిపూట మాత్రమే అమ్మే చోట కొనకండి. అలాంటి చోటు కనబడితే పౌరసరఫరాల అధికారులకు చెప్పండి.

మొదటి మూడు ట్యాంకులు

ఏళ్ళ తరబడి మామూలు డీజిల్‌తో నడిచిన ట్యాంకు అడుగున, పైపుల గోడల మీద మడ్డి పేరుకుని ఉంటుంది. బయోడీజిల్ దాన్ని విడగొట్టి ఫిల్టరుకు తరలిస్తుంది. కొత్తగా మారిన బండి పికప్ తగ్గి, గట్టెక్కేటప్పుడు ఆయాసపడితే చాలామంది ఇంధనాన్నే తిడతారు. చాలాసార్లు అది ట్యాంకు శుభ్రపడుతున్న గుర్తు. అయినా రద్దీ రోడ్డు మీద బండి ఉన్నపళాన ఆగిపోతే ఆ వివరణ ఎవరినీ కాపాడదు.

చేయవలసినవి:

• మారే ముందు ట్యాంకు అడుగు బోల్టు విప్పి మడ్డి, నీరు దింపేయించండి.

• మెట్లు మెట్లుగా వెళ్ళండి. మొదట బీ5, తర్వాత బీ10, ఆపైన బీ20. మీ బండికి ఒప్పుకున్న శాతం దగ్గరే ఆగండి.

• మొదటి ట్యాంకు పూర్తికాగానే డీజిల్ ఫిల్టరు మార్చండి. మూడో ట్యాంకు తర్వాత మరోసారి చూడండి. ఈలోగా బండిలో కొత్త ఫిల్టరు ఒకటి, దాన్ని విప్పే పానా ఉండాలి.

• విప్పిన పాత ఫిల్టరులో ఉన్నదాన్ని తెల్లటి పళ్ళెంలోకి వంపి చూడండి. నల్లటి సన్నని నలుసులైతే పాత మడ్డి. నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. గోధుమరంగులో వేలికి అంటుకునే జిగురైతే ఇంధనం పాతబడింది. అడుగున విడిగా దొర్లే చుక్కలు నీళ్ళు. నల్లగా జారుతూ, కుళ్ళు వాసన వేసే పొరలుంటే ట్యాంకులో సూక్ష్మజీవులు పెరుగుతున్నాయి. ట్యాంకు దింపి కడిగించాల్సిందే.

• రోజూ బండి తీసే ముందు కింద వంగి చూడండి. పైపు జాయింట్ల దగ్గర చెమ్మ, నేల మీద మరకలు, ఉబ్బిన రబ్బరు కనిపిస్తే బండి కదపకుండా మెకానిక్‌ను పిలవండి.

చేయకూడనివి:

• స్కూలు ట్రిప్పులు, దూర ప్రయాణాలు ఉన్న వారంలో ఇంధనం మార్చకండి. ఖాళీగా, దగ్గర తిరుగుళ్ళు ఉండే రోజులు చూసుకోండి.

• ఫిల్టరు అడ్డుపడుతోందని దాన్ని తీసేసి నడపకండి, కడిగి మళ్ళీ వేయకండి. ఇంజెక్టరు రంధ్రాలు మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ ఉంటాయి. ఫిల్టరు దాటిన నలుసు నేరుగా అక్కడికే చేరుతుంది.

మీరే కలుపుకుంటున్నట్లయితే

కలిపి ఉన్న మిశ్రమం కొనడమే మేలు. తప్పనిసరై కలుపుకోవలసి వస్తే లెక్క, క్రమం రెండూ ముఖ్యం. బయోడీజిల్ డీజిల్ కంటే బరువు. లీటరు డీజిల్ దాదాపు 0.82 నుంచి 0.85 కిలోలు తూగితే, బయోడీజిల్ 0.86 నుంచి 0.90 కిలోల దాకా తూగుతుంది. బరువైనది ముందు పోస్తే అడుగునే ఉండిపోయి, ఇంజిన్‌కు మొదట అదొక్కటే అందుతుంది.

చేయవలసినవి:

• ముందు డీజిల్, దాని మీద బయోడీజిల్ పోయండి. పోసిన వెంటనే కొద్ది కిలోమీటర్లు నడిపితే కుదుపుకు బాగా కలుస్తుంది.

• కొలత పాత్రతో కొలవండి. ట్యాంకులో ముందే ఎంత ఉందో లెక్కలోకి తీసుకోండి. 40 లీటర్ల బీ20 కావాలంటే 32 లీటర్ల డీజిల్, 8 లీటర్ల బయోడీజిల్.

• ఇంజిన్ ఆపి, ఆరుబయట పోయండి. క్యానును నేల మీద పెట్టి నింపండి. గరాటుకు సన్నటి జాలీ ఉండాలి, పూర్తిగా పొడిగా ఉండాలి.

• పెయింటు మీద, టైరు మీద పడితే వెంటనే తుడిచి సబ్బునీటితో కడగండి. బయోడీజిల్ రంగును లేపేస్తుంది, నేలను జారుడుగా చేస్తుంది.

చేయకూడనివి:

• క్యాను వ్యాను లోపల ప్లాస్టిక్ మ్యాటు మీద ఉంచి నింపకండి. స్థిర విద్యుత్తు నిప్పురవ్వ పుట్టిస్తుంది.

• గొట్టం పెట్టి నోటితో పీల్చకండి. మన షెడ్లలో ఇది రోజూ కనిపించే అలవాటు. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోయినా ప్రాణాంతకమైన న్యుమోనియా రావచ్చు. చేతిపంపు ఖరీదు కొన్ని వందల రూపాయలే.

• పలచన చేయడానికి పెట్రోలు, కిరోసిన్, థిన్నరు కలపకండి. పెట్రోలు కొంచెం కలిసినా ట్యాంకులో పేలే ఆవిరి తయారవుతుంది.

నీళ్ళు, నిల్వ, వయసు

ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందో మన ఇళ్ళలో చెప్పక్కర్లేదు. బయోడీజిల్ డ్రమ్ము దగ్గరా అదే శ్రద్ధ ఉండాలి. గాలిలోని తేమను ఇది లాక్కుంటుంది. వానాకాలంలో, సముద్రతీరపు ఊళ్ళలో సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లదనానికి గోడలకు చెమ్మ పట్టి, నీరు కిందికి దిగుతుంది. నీరూ ఇంధనమూ కలిసే సరిహద్దులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఆమ్లాలు పుడతాయి. ట్యాంకు తుప్పు పడుతుంది, పంపు దెబ్బతింటుంది.

మన ఎండలది ఇంకో సమస్య. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద ఉన్న డ్రమ్ములో ఇంధనం త్వరగా ఆక్సీకరణ చెంది జిగురు కడుతుంది. రాగి, ఇత్తడి, జింకు, సీసం, తగరం తగిలితే ఆ పని మరింత వేగంగా జరుగుతుంది.

చేయవలసినవి:

• సాయంత్రం బండి పెట్టేముందు ట్యాంకు నింపండి. లోపల గాలి తగ్గితే చెమ్మా తగ్గుతుంది.

• ఫిల్టరు కింద నీళ్ళు దింపే స్క్రూ వారానికోసారి వదులు చేసి, తేట ఇంధనం వచ్చేదాకా ఒక డబ్బాలోకి వదలండి. వానాకాలంలో వారానికి రెండుసార్లు. డ్యాష్‌బోర్డు మీద నీటి గుర్తు వెలిగితే అప్పటికప్పుడు.

• కొద్దిగా కొనండి, త్వరగా వాడండి. బీ20ని రెండు మూడు నెలల్లోపు వాడేయడం మన వాతావరణంలో క్షేమం. ముందొచ్చిన సరుకు ముందు వాడండి.

• నిల్వకు స్టెయిన్‌లెస్ స్టీలు గానీ, ఇంధనానికి పనికొచ్చే మందపాటి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ క్యాన్లు గానీ వాడండి. నీడలో, నేలకు కాస్త ఎత్తులో, మూత బిగించి ఉంచండి. పైన శాతం, కొన్న తేదీ పెద్ద అక్షరాలతో రాయండి.

• స్కూలు వ్యాన్ల యజమానులు ఒక మాట గుర్తుంచుకోండి. ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా బండి ఎండలో కదలకుండా ఉంటుంది. సెలవులకు ముందు చివరి ట్యాంకు మామూలు డీజిల్‌తో నడిపి, ఆ డీజిల్‌తోనే నిండుగా నింపి పెట్టండి. బడులు తెరిచే ముందు నీళ్ళు దింపి, ఫిల్టరు మార్చి, పిల్లలు లేకుండా ఒకరోజు తిప్పి చూడండి.

చేయకూడనివి:

• రాగి, ఇత్తడి ఫిట్టింగులు, జింకు పూత డ్రమ్ములు వాడకండి.

• మంచినీళ్ళ సీసాల్లో, నూనె డబ్బాల్లో పోసి ఉంచకండి. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్ళు వంటనూనె అనుకునే ప్రమాదం ఉంది.

• నిద్రించే గదిలో, వంటింటి పక్కన, మెట్ల కింద నిల్వ చేయకండి.

• దింపిన మడ్డినీ నీళ్ళనూ మురుగుకాల్వలో, చెరువుగట్టున పారబోయకండి. వాడిన ఇంజిన్ ఆయిల్ సేకరించేవారికే ఇవ్వండి.

బీఎస్-6 వ్యాన్లు: ఇంజిన్ ఆయిల్ మీద కన్నేయండి

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముడవుతున్న బీఎస్-6 డీజిల్ బళ్ళలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. అది నిండినప్పుడు లోపలి మసిని కాల్చేయడానికి చాలా ఇంజిన్లు సిలిండరులోకే అదనంగా ఇంధనం చిమ్ముతాయి. అందులో కొంత గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డీజిల్ అయితే ఇంజిన్ వేడికి చాలావరకు ఆవిరైపోతుంది. బయోడీజిల్ మరిగే ఉష్ణోగ్రత ఎక్కువ కాబట్టి అక్కడే ఉండిపోతుంది. ఆయిల్ పలచబడి బేరింగులు అరుగుతాయి.

చేయవలసినవి:

• బండి సమతలంగా ఉన్నప్పుడు, ఇంజిన్ చల్లారాక, వారానికోసారి ఆయిల్ గేజి తీసి చూసి రాసుకోండి. మట్టం పెరిగిందంటే ఆయిల్‌లో ఇంధనం కలుస్తోందని అర్థం. గరిష్ఠ గీత దాటితే నడపకుండా ఆయిల్ మార్పించండి.

• బీ20 వాడుతుంటే ఆయిల్ మార్చే గడువు ఎంత తగ్గించాలో సర్వీసు సెంటరులో అడిగి, ఆ కిలోమీటర్లకే మార్చండి.

• డీపీఎఫ్ శుభ్రపడుతున్నప్పుడు బండిని మధ్యలో ఆపకండి. రోజూ ఊళ్ళో చిన్న చిన్న తిరుగుళ్ళే ఉంటే వారానికోసారైనా హైవే మీద అరగంట ఒకే వేగంతో నడపండి.

చేయకూడనివి:

• డీపీఎఫ్‌ను, పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్‌ను తీయించకండి. అది చట్టవిరుద్ధం, ఆ మసి మన పిల్లల ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది.

• డీపీఎఫ్ శుభ్రపడే సమయంలో ఎండుగడ్డి, వరిచెత్త మీద బండి నిలపకండి. పొగగొట్టం విపరీతంగా కాలి ఉంటుంది. కోతల కాలంలో రోడ్డు మీద ఎండబోసిన చెత్త మీద ఆపినా ఇదే ప్రమాదం.

చలిచోట్ల

పామాయిల్ నుంచి, కొవ్వు నుంచి తయారైన బయోడీజిల్ 15 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోనే మసకబారి గడ్డకట్టడం మొదలుపెడుతుంది. 20 శాతమే కలిపినా, లంబసింగి, అరకు, ఆదిలాబాద్ వంటి చోట్ల డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఫిల్టరులో మైనం పేరుకోవచ్చు.

చేయవలసినవి:

• శీతాకాలంలో ఏజెన్సీకి, ఆదిలాబాద్ వైపుకు వెళ్ళేముందు మైదానంలోనే మామూలు డీజిల్‌తో ట్యాంకు నింపండి.

• స్టార్టు కాకపోతే ఎండ వచ్చేదాకా ఆగండి. తొందరైతే ఫిల్టరు చుట్టూ వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ చుట్టండి. దగ్గర్లోని వైర్లకు తడి తగలనీయకండి.

చేయకూడనివి:

• ట్యాంకు కింద మంట పెట్టకండి. కాగడాతో, బ్లోల్యాంపుతో పైపులు కాచకండి. బండితో పాటు మనుషులూ కాలిపోతారు.

• సెల్ఫ్ అదేపనిగా కొట్టకండి. పది సెకన్లు కొట్టి, అర నిమిషం ఆగండి.

షెడ్డులో నిప్పు, ఒత్తిడి

బయోడీజిల్ తొందరగా అంటుకోదన్న మాటలో సగం నిజముంది. బీ100 ఫ్లాష్ పాయింటు 100 డిగ్రీలకు పైనే. కానీ మీ ట్యాంకులో ఉన్న బీ20లో నూటికి ఎనభై వంతులు డీజిలే. దాని కనీస ఫ్లాష్ పాయింటు 35 డిగ్రీలే. మన ఎండాకాలపు మధ్యాహ్నం అంతకు మించి ఉంటుంది. కాబట్టి మిశ్రమాన్ని డీజిల్‌గానే చూడాలి.

ఎవరూ ఊహించని ప్రమాదం గుడ్డలది. బయోడీజిల్ తుడిచిన గుడ్డలు, కాటన్ వేస్ట్ మూలన కుప్పగా పడేస్తే, గాలితో చర్య జరిగి లోపల వేడి పుడుతుంది. కుప్ప మధ్యలోంచి ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు. కొన్ని గంటల తర్వాత అగ్గిపుల్ల గీయకుండానే అంటుకోవచ్చు. షెడ్డు మూసి అందరూ ఇళ్ళకు వెళ్ళాక జరిగే ప్రమాదం ఇది.

చేయవలసినవి:

• వాడిన గుడ్డలను ఆరుబయట ఒక్కొక్కటిగా పరిచి ఆరబెట్టండి. లేదా నీళ్ళు పోసిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టండి. ఏ రోజువి ఆ రోజే తీసేయండి.

• ఒలికితే ఇసుక చల్లి ఎత్తి, తర్వాత సబ్బునీటితో కడగండి.

• బండిలో, షెడ్డులో డ్రై పౌడర్ అగ్నిమాపక పరికరం ఉండాలి. గడువు తేదీ చూడండి. డ్రైవరుకూ సహాయకుడికీ వాడటం చేయించి నేర్పండి.

• చేతులకు నైట్రైల్ గ్లౌజులు, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. కాసేపటి పనికి పలచటి నైట్రైల్ చాలు. తడిసి ఉబ్బితే మార్చండి.

చేయకూడనివి:

• మంట మీద నీళ్ళ పైపు కొట్టకండి. నూనె నీటి మీద తేలి మంట పాకుతుంది.

• తలుపులు మూసిన షెడ్డులో ఇంజిన్ నడపకండి. బయోడీజిల్ పొగలోనూ కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

• విపరీతమైన ఒత్తిడితో ఇంధనం చిమ్మే కామన్ రైల్ ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టరు పైపు వదులు చేసి ఎయిర్ తీయకండి, లీకు ఎక్కడుందోనని చేత్తో తడమకండి. లోపలి ఒత్తిడి వాతావరణ ఒత్తిడికి వెయ్యి రెట్లు దాటి ఉంటుంది. సన్నటి చిమ్ము చర్మాన్ని దూసుకుపోతుంది. పైకి చిన్న చుక్కగాయమే కనిపిస్తుంది. లోపల కండ చచ్చిపోయి చెయ్యి తీసేయాల్సిన స్థితి రావచ్చు. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. చేతికి తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే పెద్ద ఆస్పత్రికి వెళ్ళి, ఒత్తిడితో ఇంధనం దూరిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి.

ఇంట్లో తయారీ వద్దు, ముడినూనె అసలే వద్దు

1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. ఆ కథ విని నూనె నేరుగా పోయవచ్చనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆనాటి ఇంజిన్ వేరు, ఈనాటి కామన్ రైల్ వేరు. వంటనూనె డీజిల్ కంటే పదింతలు చిక్కన. సరిగా చిమ్మదు, పూర్తిగా కాలదు. ఇంజెక్టరు కొనల మీద, రింగుల్లో బొగ్గు కడుతుంది.

బయోడీజిల్ కావాలంటే నూనెను మిథనాల్‌తో, కాస్టిక్ వంటి క్షారంతో కలిపి మార్చాలి. మిథనాల్ తాగితేనే కాదు, ఆవిరి పీల్చినా, చర్మం ద్వారా ఇంకినా విషమే. చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. దాని మంట పగటి వెలుతురులో కంటికి సరిగా కనిపించదు. కాస్టిక్ చర్మాన్ని, కళ్ళను కాల్చేస్తుంది. శిక్షణ, అనుమతి, సరైన పరికరాలున్న ఫ్యాక్టరీలో జరగాల్సిన పని ఇది.

చేయవలసినది:

• హోటలు, కర్రీ పాయింటు నడుపుతుంటే వాడేసిన నూనెను అనుమతి ఉన్న సేకరణదారులకు ఇవ్వండి. పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదన్న నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఆ నూనెను బయోడీజిల్‌గా మళ్ళించడానికే ఆహార భద్రతా సంస్థ రూకో కార్యక్రమం పెట్టింది.

చేయకూడనివి:

• వీడియోలు చూసి పెరట్లో డ్రమ్ము పెట్టి ప్రయోగాలు చేయకండి.

• వడగట్టిన బజ్జీల నూనెను బయోడీజిల్ అనుకుని ట్యాంకులో పోయకండి.

దారిలో బండి మొరాయిస్తే, ప్రమాదం జరిగితే

పికప్ తగ్గుతోందని తెలియగానే హజార్డ్ లైట్లు వేసి, ఎడమ పక్కకు తీసి, రోడ్డు అంచు దాటి ఆపండి. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు గట్టిపడుతుంది; బలంగా తొక్కాలని డ్రైవరుకు ముందే చెప్పి ఉంచాలి. బండి వెనక త్రికోణ గుర్తు దూరంగా పెట్టండి. ప్రయాణికులను, ముఖ్యంగా పిల్లలను, ఎడమవైపు తలుపు నుంచి దించి రోడ్డుకు దూరంగా కూర్చోబెట్టండి. ఆ తర్వాతే బానెట్ ఎత్తండి. బానెట్ కింద నుంచి పొగ, మంట వస్తుంటే మాత్రం పూర్తిగా ఎత్తకండి. కొద్ది సందులోంచి పౌడరు కొట్టి దూరం జరిగి, 101కి గానీ 112కు గానీ ఫోను చేయండి.

కంట్లో పడితే పదిహేను నిమిషాలు ధారగా మంచినీళ్ళు పోసి కడిగి డాక్టరుకు చూపించండి. ఒంటి మీద పడితే తడిసిన బట్టలు తీసేసి సబ్బుతో కడగండి. మింగితే వాంతి చేయించకండి. వాంతిలో ఇంధనం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోను చేయండి, మింగినదాని సీసా వెంట తీసుకెళ్ళండి.

ఒక నోటు పుస్తకం

వీటన్నింటినీ గుర్తుపెట్టుకోవడం ఒక్కరి వల్ల కాదు. బండి యజమాని కొంటాడు, డ్రైవరు పోయిస్తాడు, మెకానిక్ విప్పుతాడు. ముగ్గురికీ ఒకే సమాచారం ఉండాలి. ట్యాంకు మూత దగ్గర ఎంత శాతం దాకా పోయవచ్చో స్టిక్కరు అంటించండి. బండిలో ఒక నోటు పుస్తకం పెట్టి, పోయించిన తేదీ, బంకు, లీటర్లు, శాతం, నీళ్ళు దింపిన రోజు, ఫిల్టరు, ఆయిల్ మార్చిన కిలోమీటర్లు రాయించండి. ఇంధనానికి వయసు ఉన్నప్పుడు తేదీ రాయడమే మొదటి జాగ్రత్త. నెలకోసారి ముగ్గురూ ఆ పుస్తకం చూడండి. ఫిల్టర్లు తరచుగా పోతున్నా, ఆయిల్ మట్టం పెరుగుతున్నా, ఒకే బంకు తర్వాత తేడా వస్తున్నా అందులో ముందుగానే బయటపడుతుంది. ఆ రోజే శాతం తగ్గించండి, లేదా బంకు మార్చండి. పొలంలో పండినదాంతో, వాడి పారేసే నూనెతో మన బళ్ళు నడవడం దేశానికి మంచిది. ఆ బళ్ళలో కూర్చున్నవాళ్ళు క్షేమంగా ఇల్లు చేరేలా చూసుకోవలసింది మనమే.